పత్రికా ప్రయత్నములందు పట్టుదల: ఒక విమర్శ

విషయ ప్రస్తావన

తెలుగు పత్రికల చరిత్రను వ్రాయువారు సంపాదకుల పట్టుదలను కీర్తించునప్పుడు తఱచుగా ఒకే త్రోవ త్రొక్కుచుందురు. ఆలి నగలమ్మి అచ్చుకూలి చెల్లించినవాడు, చందాలు రాకున్నను సంచిక మాననివాడు, అప్పులపాలై కన్నుమూసినవాడు – ఇట్టివారి గాథలు వినుటకు హృదయంగమములే. కాని వానివలన ఒక భ్రాంతి పాఠకుల మనస్సున నిలిచిపోయినది. నష్టమును ఎంతకాలము భరించిన అంత పట్టుదల యనియు, పత్రిక ఆగిపోయిన దినమున సంపాదకుడు ఓడిపోయె ననియు తలచుట పరిపాటి యైనది.

ఈ తలపు విచారణకు నిలువదు. ఏడాది మాత్రమే జీవించిన చిన్న పత్రిక యొకటి తెలుగు వచనము నడచు దారినే మార్చినది. ఎనుబది మూడేండ్లు జీవించిన మహాపత్రిక యొకటి తన స్థానమును అందుకొను వారసుని చూపకయే అస్తమించినది. కాలపరిమాణము ఒక్కటే కొలబద్ద యైనచో మొదటిది వైఫల్యము, రెండవది సాఫల్యము కావలయును. ఫలమును బట్టి చూచిన అట్లు చెప్పుట సాధ్యము కాదు. కావున పట్టుదల యనగా దేనిని పట్టుకొని యుండుట యను ప్రశ్న ముందుగా తేలవలసి యున్నది.

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్న మఱింత ముఖ్యము. తెలుగునాట ఒక పత్రిక ఆగినచో పొరుగు పట్టణమునుండి మఱియొకటి వచ్చును. సోలాపురమునందో, హోసూరునందో, పర్లాకిమిడియందో ఉన్న ఒక్క తెలుగు పత్రిక ఆగినచో దాని స్థానము చిరకాలము శూన్యముగనే మిగులును. అంతేకాదు, ఇచట పరిశీలింపబోవు ప్రయత్నములలో ప్రధానమైన రెండును నేడు తెలుగు రాష్ట్రములకు వెలుపలనున్న పట్టణములలో పుట్టినవే.

అచ్చుకూటము పరాధీనమైనప్పుడు

కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో 'వివేకవర్ధని'ని ప్రారంభించినప్పుడు ఆయన ధవళేశ్వరమున ఉపాధ్యాయుడు. పత్రిక గోదావరి తీరమున వ్రాయబడి మద్రాసులో అచ్చగుచుండెను. ఈ ఏర్పాటులోని కష్టము నేటివారికి వెంటనే స్ఫురింపదు. వ్రాతప్రతి అంత దూరము పోవలయును, అచ్చుప్రతి తిరిగి రావలయును. నడుమ అచ్చుకూటమువారి తీరికయే సంపాదకుని తీరిక. ఉద్యోగుల లంచగొండితనమును పేరుపేరున ఎండగట్టిన పత్రికకు ఆలస్య మనునది అసౌకర్యము మాత్రమే కాదు. చెప్పవలసిన మాట చల్లారిపోవుటయు నగును.

ఇచ్చట పంతులుగారు చేసిన పని గమనింపదగినది. ఆయన ఓర్చుకొనుచు కూర్చుండలేదు. మఱుసటి సంవత్సరమే మిత్రుల సాయముతో రాజమహేంద్రవరమున స్వంత ముద్రణాలయమును నెలకొల్పెను. కష్టమును భరించుట పట్టుదల యని కీర్తించువారు ఈ సంగతిని ఒక వాక్యములో దాటిపోవుదురు. నిజమునకు పట్టుదల యంతయు ఇచ్చటనే యున్నది. కష్టమెచ్చట నున్నదో గుర్తించి దాని మూలమును తొలగించుట కదా కార్యవాదము!

ఆ ముద్రణాలయమువలన కలిగిన లాభము 'వివేకవర్ధని'తో ముగియలేదు. 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆ పత్రికయందే ధారావాహికముగా వెలువడి తరువాత గ్రంథరూపము దాల్చినది. స్త్రీలకొఱకు 'సతీహితబోధిని' 1883లో వేఱుగా పుట్టినది. 1891లో న్యాపతి సుబ్బారావు పంతులుగారి 'చింతామణి'కి వీరేశలింగముగారు సంపాదకత్వము వహించిరి. పత్రికలు మాఱినవి, చెప్పదలచిన మాట మాఱలేదు. ఒక పాత్రలో ఇమడనిదానిని మఱియొక పాత్రలో పోయుటకు ఆయన సంకోచింపలేదు.

బొంబాయి: అంజనము, పత్రిక

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రమును 'విశ్వదాత' యను బిరుదము కొంత మఱుగుపఱచినది. దాత యనగానే ధనమును వెదజల్లినవాడను భావము కలుగును. ఆ ధనము పత్రికకు ఏ విధముగా ఉపకరించెనో విమర్శించుట వెనుకబడును.

1867లో కృష్ణా మండలమున ఎలకుఱ్ఱులో జనించిన పంతులుగారు చదువు ముగిసిన పిదప మద్రాసునందును కలకత్తాయందును వ్యాపారప్రయత్నములు చేసి, అవి నిలదొక్కుకొనకపోగా బొంబాయి చేరిరి. అచ్చట 1893లో 'అమృతాంజనము'ను రూపొందించిరి. సంగీతసభలకు వచ్చినవారికి ఆ లేపనమును ఉచితముగా పంచిపెట్టి ప్రచారము చేసిరని ప్రసిద్ధి. ఈ కథను చతురత కుదాహరణముగా చెప్పుకొనుట కలదు. అందులో అంతకు మించిన నీతి యున్నది. తన వస్తువును గూర్చి తాను పలికిన స్తుతి కంటె కొనువాని నుదుటిపై దాని చలువయే నమ్మదగిన సాక్ష్యమని ఆయన యెఱుగును. వస్తువు బలహీనమైనచో ఉచితముగా పంచుట ఆత్మహత్యతో సమానము. దోషము అంత వేగముగా నలుగురికిని తెలిసిపోవును. కావున ఆ ప్రచారపద్ధతికి ఆధారము ప్రచారము కాదు, వస్తువు.

అమృతాంజనము పుట్టిన పదునైదేండ్లకు, 1908లో, 'ఆంధ్రపత్రిక' బొంబాయిలో వారపత్రికగా వెలువడినది. ఈ పదునైదేండ్ల వ్యవధిని చరిత్రకారులు తగినంతగా పట్టించుకొనలేదు. పత్రిక పెట్టి దానిని బ్రతికించుటకు వ్యాపారమును వెదకుట వేఱు; ముందుగా వ్యాపారమును నిలిపి, అది తన కాళ్ళమీద నిలిచిన పిదప పత్రికకు పూనుకొనుట వేఱు. మొదటి త్రోవను పోయినవారి సంచికలలో చందాదారులను బతిమాలు విన్నపములే వ్యాసములకంటె ముందు నిలుచును. రెండవ త్రోవను పోయిన పంతులుగారికి ప్రతి సంచికకును పాఠకుని యెదుట చేయిచాపవలసిన అగత్యము లేకపోయెను.

బొంబాయి అప్పటికే తెలుగు కష్టజీవులకు నిలయము. కామాఠిపురమునకు ఆ పేరు తెలుగునాటినుండి వచ్చిన కామాఠీలవలననే కలిగినది. అయినను ఒక్క నగరమందలి పాఠకులతో పత్రిక నిలువదు. అది తపాలా మార్గమున దూరమందున్న తెలుగునాటికి పోవలయును. బొంబాయి దినములలోనే ఆరంభమైన ఉగాది సంచికలు ఈ దూరమును జయించుటకు మంచి సాధనములైనవి. సంవత్సరాదినాడు పచ్చడితోపాటు ఎదురుచూడదగిన వస్తువు మఱియొకటి తెలుగింట చేరెను. పాఠకుడు తలచుకొన్నప్పుడు కనబడు పత్రిక కంటె, పాఠకుడు ఎదురుచూచు దినమున తప్పక వచ్చు పత్రిక గట్టిగా వేళ్ళూనును. నియమము కూడ ప్రకటనయే. దానికి ఖర్చు లేదు, శ్రద్ధ మాత్రము కావలయును.

1914 ఏప్రిలులో ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికగా వెలువడసాగెను. 1924లో 'భారతి' సాహిత్య మాసపత్రికయు, 1926లో 'ఆంధ్ర గ్రంథమాల'యు పుట్టినవి. ఈ క్రమమును వ్యాపారవిస్తరణమని మాత్రమే భావింపరాదు. వార్తకు వారము చాలదు, దినము కావలయును. పరిశోధనకు దినము చాలదు, మాసము కావలయును. నిలువవలసిన గ్రంథమునకు మాసపత్రికయు చాలదు. అల్పమూల్యముగల పుస్తకము కావలయును. ఏ మాటకు ఏ రూపము తగునో తెలిసినవాడు కనుకనే పంతులుగారు ఒకే రూపమును పట్టుకొని పెనుగులాడలేదు.

ఈ పద్ధతిలోని కొఱత

అయినను విమర్శకుడు ఇచ్చట ఆగి ఒక కఠినసత్యమును చెప్పక తప్పదు. ఆంధ్రపత్రిక, భారతి రెండును 1991లో ఆగిపోయినవి. అమృతాంజనము మాత్రము నేటికిని అంగళ్ళలో అమ్ముడుపోవుచున్నది. పోషించినది నిలిచినది, పోషింపబడినది నిలువలేదు.

దీనికి కాలము మాఱుట, కొత్త దినపత్రికల పోటీ మున్నగు కారణములు చెప్పవచ్చును. అవి యన్నియు కొంతవఱకు నిజములే. కాని మూలమున ఒక లోపము కలదు. ఒకరి ధనముతో వర్ధిల్లు పత్రిక ఆ ధనమును నడపువారి మనస్సుపై ఆధారపడును. పంతులుగారు 1938లో మరణించిరి. వారి అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు ఆ భారమును గౌరవముగా మోసిరి. కాని పాఠకులు పత్రికను చదువుటకే అలవాటుపడిరి. దానిని తమ బాధ్యతగా భావించు అలవాటు వారికి కలుగలేదు. దాత యున్నంతకాలము ఆ అవసరమే తోపలేదు. ఔదార్యము గొప్ప గుణమే. అయినను అది పాఠకుని నిష్పూచీగా ఉంచినచో దాత తరువాతి కాలమునకు దుర్బలతను విడిచిపోవును.

కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' గతియు ఇట్టిదే. నాగపురమున విద్య నభ్యసించి మరాఠీలో సైతము రచన చేసిన ఆ మేధావి, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపకులలో ప్రముఖుడై, అకారాది విషయములతో మూడు సంపుటములు వెలువడునంతలో 1923లో అస్తమించెను. నాగేశ్వరరావు పంతులుగారు ఆ కార్యమును తిరిగి చేపట్టిరి. వారి మరణముతో అదియు అసంపూర్ణముగా మిగిలెను. ఇద్దరి పట్టుదలలోను లోపము లేదు. ఒక్క మనుష్యుని ఆయుర్దాయమును నమ్ముకొని బహుజనుల పనిని సాగించుటలో లోపమున్నది.

బందరున 1902లో వెలసిన 'కృష్ణాపత్రిక'ను ఇచ్చట తలచుకొనుట ఉచితము. 1907నుండి 1945లో మరణించువఱకు దానిని నడపిన ముట్నూరి కృష్ణారావుగారికి అమృతాంజనము వంటి అండ లేదు. ఆయనకున్న అండ సంపాదకీయ వచనమును, కార్యాలయమున సాయంకాలము చేరు 'దర్బారు'ను. రచయితలు, కళాకారులు, పాఠకులు ఒక్కచోట కూర్చుండి మాటలాడు ఆ కొలువు పత్రికకు ధనమును తేలేదు, బంధువులను తెచ్చినది. అయినను అక్కడను సంపాదకుని వ్యక్తిత్వమే కేంద్రము. ఆయన గతించిన పిదప పత్రికకు వెనుకటి తేజస్సు నిలువలేదు.

పర్లాకిమిడి: ఏడాది పత్రిక

గిడుగు వెంకట రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ పట్టణము 1936 ఏప్రిలులో ఒడిస్సా రాష్ట్రమున చేరినది. దానికి నిరసనగా ఆయన అచ్చటి నివాసమును విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. ఆ నడుమ గడచిన ఐదు దశాబ్దులకు పైబడిన కాలములో ఆయనకు ఎదురైన భంగములను లెక్కించుట కష్టము.

పాఠశాలల వ్యాసరచనలో వ్యావహారిక భాషకు మొదట దొరకిన అనుమతి పండితుల ప్రతిఘటనమువలన రద్దయ్యెను. 1911లో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికమునకు కోటయై నిలిచెను. పంతులుగారు 1919లో 'తెలుగు' అను మాసపత్రికను స్థాపించిరి. అది సుమారొక సంవత్సరము నడచి ఆగిపోయెను. కాలమును కొలబద్దగా గైకొనువారికి ఇది పరాజయము.

కాని పత్రిక ఆగినది, వాదము ఆగలేదు. అది సభలకెక్కినది. పుస్తకముల మూటలను వెంట తీసికొనిపోయి, పండితులు తమ వ్రాతలలోనే తాము నిర్బంధించిన నియమములను ఎచ్చటెచ్చట అతిక్రమించిరో పుట తీసి చూపుట ఆయన పద్ధతి. పిదప వాదము 'గద్యచింతామణి', 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము' వంటి గ్రంథములకెక్కినది. ఈ పోరాటము సాగుచుండగనే ఆయన సవరభాషను నేర్చి, సవర బాలురకు వారి మాటలోనే చదువు చెప్పవలయునని పూనుకొని, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరింపగలిగెను. ఒక ద్వారము మూతపడినప్పుడు దాని యెదుటనే కూర్చుండక, తన మాట చొరగల ద్వారమును వెదకుకొను స్వభావము ఆయనది.

అన్నిటికంటె మించిన సాధనము ఆయనకు తరగతిగదిలో లభించెను. బరంపురమున జన్మించిన తాపీ ధర్మారావుగారు పర్లాకిమిడిలో ఆయన శిష్యులు. ఆ శిష్యుని సంపాదకత్వమున 1930 దశకమున మద్రాసునుండి వెలువడిన 'జనవాణి' దినపత్రిక వ్యావహారికముననే నడచెను. గురువు మాసపత్రిక మోయలేకపోయిన భారమును శిష్యుని దినపత్రిక మోసినది. గిడుగువారు 1940 జనవరిలో కన్నుమూసిరి. నేడు తెలుగు దినపత్రికలన్నియు వ్యావహారికముననే వెలువడుచున్నవి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవమైనది. తన పత్రికకు ఆయన వారసుని సంపాదింపలేదు. తన మాటకు సంపాదించెను.

నేటి సాధనములు

నేడు తెలుగువాడు తన రచనను వెలువరించుటకు అచ్చుకూటమును వెదకనక్కఱలేదు. బ్లాగు తెరచుటకు గడియకాలము చాలును; ఫేస్‌బుక్, యూట్యూబు వంటి సామాజిక మాధ్యమములందు చిన్న వ్యాపారి తన సరకును, కవి తన పద్యమును ఒకే అంగడిలో పెట్టుచున్నారు. బెంగళూరున ఉన్న రచయిత బరంపురమునందలి పాఠకుని క్షణములో చేరగలడు. ఇది చిన్న లాభము కాదు. కాని ఆ తొలి ఉత్సాహము చల్లారిన పిదప పలువురు వ్రాత మానుచున్నారు. చదువువారు లేరని నిట్టూర్చుచున్నారు.

వెనుకటి ప్రయత్నముల వెలుగున చూచినచో ఈ నిట్టూర్పునకు కారణములు క్రొత్తవి కావని తోచును. మొదటిది, పరాధీనమైన అచ్చుకూటము. తెలుగు సాహిత్యచర్చలు పెక్కు సాగిన యాహూ గ్రూపులు 2020లో మూతపడినవి. అంతకు ముందే 2014లో ఆర్కుట్, 2019లో గూగుల్ ప్లస్ ఆగిపోయినవి. 2020 జూనులో భారతదేశమున టిక్‌టాక్ నిషేధింపబడినప్పుడు దానియందే తమ ప్రేక్షకులను సంపాదించుకొన్నవారు ఒక్కదినమున వారిని కోల్పోయిరి. మూతపడని మాధ్యమములందు సైతము ఏ రచన ఎవరికి కనబడవలయునో నిర్ణయించునది ఆ సంస్థ, రచయిత కాదు. ఇది ధవళేశ్వరము సంపాదకుడు మద్రాసు అచ్చుకూటమునకై ఎదురుచూచిన స్థితియే. స్వంత పుటను నడుపుకొనుట, పాఠకుల చిరునామాలను తనయొద్ద భద్రపఱచుకొనుట, రచనలకు ప్రతి నుంచుకొనుట – ఇవియే నేటి స్వంత ముద్రణాలయములు. సామాజిక మాధ్యమము బజారు; అచ్చట వస్తువును చూపవచ్చును గాని ఇల్లు కట్టరాదు.

రెండవది, ప్రకటనను గూర్చిన పొరపాటు. రచన పాఠకుని తాకనప్పుడు ధనమిచ్చి దానిని పదివేలమంది కన్నులయెదుట నిలుపుట నేడు సులభమైనది. వస్తువు లేని ప్రచారమువలన వైఫల్యము విస్తృతమగును, అంతే. పంతులుగారు పంచినది ప్రకటనపత్రము కాదు, అంజనము. మూడవది, నియమలోపము. ఒక వారము నాలుగు రచనలు, పిదప నాలుగు నెలల మౌనము – ఇట్టి రచయితకొఱకు ఎదురుచూచుట పాఠకునకు అలవడదు. దీనికి మాఱు దృష్టాంతముగా, అమెరికాయందలి తెలుగువారు 1998లో ప్రారంభించిన 'ఈమాట' అంతర్జాల పత్రికను చెప్పవచ్చును. దాని చుట్టు ఎన్ని మాధ్యమములు పుట్టి గిట్టినను అది తన చోట తాను సాగుచునే యున్నది. ఒక వ్యక్తి కీర్తిని గాక సంపాదకవర్గము శ్రమను ఆశ్రయించుట దాని దీర్ఘాయువునకు ఒక హేతువు.

ఉపసంహారము

పైన పరిశీలించిన ప్రయత్నములనుండి తేలు సిద్ధాంత మిది: పట్టుదల యనగా సాధనమును పట్టుకొని వ్రేలాడుట కాదు. మాటను పట్టుకొని, సాధనము విఱిగినప్పుడు మఱియొక సాధనమును చేపట్టుట. వీరేశలింగముగారు అచ్చుకూటమును స్వాధీనము చేసికొనిరి. నాగేశ్వరరావుగారు ధనమును స్వాధీనము చేసికొనిరి. రామమూర్తిగారికి స్వాధీనమైనది శిష్యుడు. అచ్చుకూటము కాలముతో పాతబడును. ధనము చేతులు మాఱును. చదివి, తలచి, తిరిగి చెప్పగల మనుష్యుడు మాత్రము ఒక తరమునుండి మఱియొక తరమునకు మాటను దాటించును.

వెలుపలి తెలుగువారికి ఇందు ఒక హెచ్చరిక కలదు. తమిళనాట 2006నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత తెలుగు పిల్లలు పాఠశాలలో మాతృభాషను చదువుకొను అవకాశమునకై న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చినది. తెలుగు తరగతి మూతపడిన ఊరిలో పదియేండ్ల పిదప తెలుగు బ్లాగునకు గాని, పత్రికకు గాని, పద్యమునకు గాని పాఠకు డుండడు. అప్పుడు ఎంతటి ప్రచారనైపుణ్యమును అక్కఱకు రాదు. సంఘములు సంచికలకు వెచ్చించు శ్రద్ధలో కొంత ఆ తరగతిగదికి చెందవలయును. సంచిక ఆగినను పిల్లవానికి అక్షరము మిగిలినచో రేపు వాడే మఱియొక సంచికను తెచ్చును. సంచిక మిగిలి అక్షరము పోయినచో, దానిని విప్పి చూచు చేయి ఉండదు.